ఒంటికి కుదిరిన స్వింగ్‌ను మార్చుకోవాలా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: గోల్ఫ్

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. అందుకని మిగతావాటిని వచ్చే సంచికకు ఉంచి, ఈసారి స్థలమంతా ఆ మూడింటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నాకు యాభై రెండేళ్ళు. నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టాను. గోల్కొండ నయా ఖిలాను ఆనుకుని ఉన్న కోర్సులో ఆదివారాలు ఆడుతుంటాను. నా హ్యాండిక్యాప్ (ఒక రౌండ్‌కు నిర్ణయించిన దెబ్బల కంటే సుమారుగా ఎన్ని ఎక్కువ పడతాయో చెప్పే అంకె) 17. నా స్వింగ్ చూడ్డానికి బాగుండదని నాకూ తెలుసు. క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, పైకి వెళ్ళేటప్పుడు ఒంటికి దూరంగా వెళ్తుంది, పైన ఒక క్షణం ఆగి కిందికి దిగుతుంది. అయినా బంతి దాదాపు ప్రతిసారీ కొంచెం ఎడమగా బయలుదేరి, కుడికి తిరిగి ఫెయిర్‌వేలో (గడ్డిని పొట్టిగా కత్తిరించిన దారిలో) పడేది. ఈ మధ్య డ్రైవింగ్ రేంజ్‌లో ఒక కోచ్ నా వీడియో తీసి, దాని పక్కన ఒక ప్రసిద్ధ ఆటగాడి వీడియో పెట్టి చూపించి, మొత్తం మార్చాల్సిందే అన్నారు. కొన్ని నెలలుగా ఆ పనిలోనే ఉన్నాను. రేంజ్‌లో పరవాలేదు గానీ కోర్సులోకి అడుగుపెడితే బంతి ఎటు పోతుందో తెలియడం లేదు. రెంటికి చెడ్డ రేవడిలా ఉంది నా పరిస్థితి. పట్టుదలగా కొత్తదాన్నే సాధించాలా, పాతదానికే వెళ్ళిపోవాలా? – ఒక పాఠకుడు, మణికొండ

సమాధానం: పాత స్వింగ్‌కే తిరిగి వెళ్ళండి. బంతి దాదాపు ప్రతిసారీ ఒకే తీరుగా వెళ్ళేదని మీరే రాశారు. నలభై దాటాక ఆట మొదలుపెట్టి, ఆదివారాలు మాత్రమే ఆడే మనిషికి అలాంటి భరోసా దొరకడం చాలా అరుదు. వీడియోలో అందంగా కనిపించడం కోసం దాన్ని వదులుకోవడం నాకు ఏ మాత్రం సమంజసంగా తోచదు. అయితే ఒంటికి సుఖంగా ఉన్న ప్రతి అలవాటూ మంచిదేనని నేను అనడం లేదు. మీ పాత స్వింగ్‌లో ముట్టుకోకుండా ఉంచవలసినది ఏమిటో, ఎంత అలవాటైనా సరే దిద్దుకోవలసినది ఏమిటో విడదీసి చూడాలి. రెండు వీడియోలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఆ పని జరగదు.

ముందుగా బంతి సంగతి చూద్దాం. క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే పక్క, బంతిని అంటి ఉండే వ్యవధి సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ లిప్తకాలంలో ముఖం ఎటు చూస్తోంది, క్లబ్ ఎటు కదులుతోంది, ఎంత వేగంగా వస్తోంది, ఎంత వాలుగా దిగుతోంది, ముఖంలో ఏ భాగానికి బంతి తగిలింది అన్న విషయాలే దాని గమనాన్ని నిర్ణయిస్తాయి. క్లబ్ పైన ఉన్నప్పుడు మీ మోచేయి ఎక్కడుందో, మణికట్టు ఎంత వంగిందో బంతికి తెలియదు. అవన్నీ క్లబ్‌ను సరైన స్థితిలో బంతి దగ్గరకు చేర్చే దారులు మాత్రమే, ఆ దారి అందరికీ ఒకటే కానక్కర్లేదు.

బంతి, క్లబ్ కదలికలను రాడార్‌తో కొలిచే లాంచ్ మానిటర్లు ఈ శతాబ్దం మొదట్లో వాడుకలోకి వచ్చాక మరో సంగతి తేలింది. అంతకుముందు చాలామంది శిక్షకులు, బంతి క్లబ్ కదిలే దిశలోనే బయలుదేరి, ఆ తర్వాత ముఖం చూసే వైపుకు తిరుగుతుందని చెప్పేవారు. కొలిచి చూస్తే అది నిజం కాదని తెలిసింది. బంతి బయలుదేరే దిశ ప్రధానంగా ముఖం మీదే ఆధారపడుతుంది. గాలిలో అది తిరిగే వంపు మాత్రం, క్లబ్ కదిలే మార్గానికీ ముఖం చూసే దిశకూ మధ్యనున్న తేడాను బట్టి ఏర్పడుతుంది.

మీ ఫేడ్‌ను, అంటే బంతి అలా కుడికి తిరగడాన్ని, ఈ లెక్కతో అర్థం చేసుకోవచ్చు. మీ క్లబ్ లక్ష్యానికి బాగా ఎడమగా కదిలేది, ముఖం మాత్రం కొద్దిగానే ఎడమకు చూసేది. అందుకే బంతి కాస్త ఎడమగా బయలుదేరి, కుడికి తిరిగి, ఫెయిర్‌వే మధ్యలో పడేది. ఆ రెండు కోణాల మధ్య పొందికను మీ చేతులు ఏళ్ళ తరబడి కుదుర్చుకున్నాయి. ఇప్పుడు మీ కోచ్ క్లబ్ మార్గాన్ని కుడివైపుకు మార్చారనుకుంటాను, ఇలాంటి స్వింగ్‌కు సాధారణంగా ముందు చేసే దిద్దుబాటు అదే. చేతులు మాత్రం ముఖాన్ని పాత చోటికే తెస్తాయి, అప్పుడు బంతి ఎడమకు గట్టిగా వంగిపోతుంది (దీన్నే హుక్ అంటారు). ఆ హుక్‌కు జంకి మీరు చేతులు బిగబట్టినప్పుడు ముఖం తెరుచుకునే ఉండిపోయి బంతి కుడివైపు చెట్లలోకి పోతుంది. రేంజ్‌లో ఒకే క్లబ్‌తో వరుసగా కొడుతూ ప్రతి బంతికీ కొద్దికొద్దిగా సర్దుకుంటారు కనుక ఇది బయటపడదు. కోర్సులో ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ మధ్య చాలా నిమిషాలు గడుస్తాయి, క్లబ్ మారుతుంది, నేల వాలు మారుతుంది, సర్దుకునే రెండో అవకాశం ఉండదు. కాబట్టి మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు, స్వింగ్ సగం మారి ఆగిపోయిన ఎవరికైనా ఇదే జరుగుతుంది.

స్వింగ్ రూపం వేరు, దాని ఫలితం వేరు అనడానికి అమెరికన్ ఆటగాడు జిమ్ ఫ్యూరిక్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఆయన క్లబ్‌ను దాదాపు నిటారుగా, ఒంటికి దూరంగా పైకెత్తి, అక్కడ పెద్ద మెలిక తిప్పి, లోపలికి జార్చి కిందికి తెస్తారు. మొదటిసారి చూసేవారికి ఏదో పొరపాటు జరిగిందనిపిస్తుంది. కానీ బంతిని తాకే క్షణం దగ్గర వీడియోను ఆపి చూస్తే, ఆయన నడుము, చేతులు, క్లబ్ ఉన్న తీరు ఏ పాఠ్యపుస్తకంలోని బొమ్మకూ తీసిపోదు. ఆయనకు ఆట నేర్పింది తండ్రి మైక్ ఫ్యూరిక్. వృత్తిరీత్యా గోల్ఫ్ ప్రొఫెషనల్ అయిన ఆ తండ్రి, కొడుకు స్వింగ్‌లోని మెలికను తీసేయాలని పట్టుబట్టలేదు. ఆ స్వింగ్‌తోనే ఫ్యూరిక్ 2003లో ఒలింపియా ఫీల్డ్స్‌లో యూఎస్ ఓపెన్ గెలిచారు. 2013లో ఒక రౌండ్‌ను (18 హోల్స్‌ను) 59 స్ట్రోకుల్లో, అంటే దెబ్బల్లో, 2016లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్ చివరి రౌండ్‌ను 58 స్ట్రోకుల్లో ముగించారు. అమెరికాలోని ప్రధాన వృత్తి టోర్నీల వరుస అయిన పీజీఏ టూర్ చరిత్రలో ఒక రౌండ్‌కు అంతకంటే తక్కువ స్కోరు లేదు.

ఇలాంటివారు ఇంకా ఉన్నారు. డల్లాస్‌లో క్యాడీగా పనిచేస్తూ ఎదిగిన లీ ట్రెవినో, ఒంటిని లక్ష్యానికి బాగా ఎడమగా నిలిపి బంతిని కుడికి తిప్పే తన సొంత పద్ధతితో ఆరు మేజర్లు (ఏటా జరిగే నాలుగు అతి పెద్ద టోర్నీల టైటిళ్ళు) గెలిచారు. 1971లో మెరియన్‌లో జరిగిన యూఎస్ ఓపెన్ ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్‌నే ఓడించారు. మన దేశం నుంచి వెళ్ళిన జీవ్ మిల్ఖా సింగ్ స్వింగ్ కూడా సంప్రదాయానికి ఒదగనిదే, అయినా యూరోపియన్ టూర్‌లో ఆయనకు నాలుగు విజయాలున్నాయి. తెలుగు పాఠకులకు దగ్గరివాడైన సాహిత్ తీగల సంగతి కూడా చెప్పాలి. తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన ఈ యువకుడికి వెన్నెముకలో కొద్దిపాటి వంపు ఉందని వార్తల్లో వచ్చింది. ఒంటిని బాగా పక్కకు వంచి కొట్టే ఆయన స్వింగ్ అచ్చు పోసినట్టు కనిపించే నేటి యువ ఆటగాళ్ళ స్వింగ్‌ల మధ్య వెంటనే గుర్తుపట్టేలా ఉంటుంది. 2023లో నాపాలో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి, మరుసటి ఏడాది టూర్ చాంపియన్‌షిప్‌లో మూడో స్థానంలో నిలిచింది ఆ స్వింగే. ఇంకొకరి శరీరానికి కుదిరిన కోణాలను ఆయన మీద రుద్ది ఉంటే ఏమయ్యేదో ఊహించడం కూడా నాకు ఇష్టం లేదు.

అయితే స్వింగ్‌ను పునాదుల నుంచి మార్చుకుని పైకి ఎదిగినవారూ ఉన్నారు, వారి సంగతి దాటవేయడం న్యాయం కాదు. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1983లో యూరప్‌లో అగ్రస్థానంలో ఉండి కూడా, ఒత్తిడి పెరిగినప్పుడు తన స్వింగ్ నిలబడటం లేదని గ్రహించి, శిక్షకుడు డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర దాన్ని కొత్తగా నిర్మించుకున్నారు. రెండేళ్ళ పాటు ఫలితాలు దిగజారాయి. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున ఆయన 18 హోల్స్‌లోనూ 18 పార్‌లు (హోల్‌కు నిర్ణయించినన్ని స్ట్రోకులే) సాధించి టైటిల్ గెలిచారు, తర్వాత మరో ఐదు మేజర్లు గెలిచారు. టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్‌ను 12 స్ట్రోకుల తేడాతో గెలిచాక కూడా శిక్షకుడు బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగ్‌ను మార్చుకున్నారు. 1998లో పీజీఏ టూర్‌లో ఆయనకు దక్కింది ఒక్క విజయమే, 2000లో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ను గెలిచింది మాత్రం 15 స్ట్రోకుల తేడాతో. వీరిద్దరికీ ఆటే ఉద్యోగం. రోజంతా సాధన చేసే వీలు, పక్కనే నిలబడి చూసే శిక్షకుడు, ఓడిపోయినా తట్టుకోగల వయసు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, తాము మార్చదలచిన లోపం ఏమిటో, అది ఏ పరిస్థితిలో బయటపడుతోందో వారికి కచ్చితంగా తెలుసు. ఇయాన్ బేకర్-ఫించ్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1991లో రాయల్ బర్క్‌డేల్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఆ ఆస్ట్రేలియన్, ఆ తర్వాత బంతిని ఇంకా దూరం కొట్టాలన్న తపనతో స్వింగ్‌ను మార్చుకుంటూ పోయి, ఉన్న ఆటను పోగొట్టుకున్నారు. 1997లో ట్రూన్‌లో జరిగిన ఓపెన్ తొలి రౌండ్‌లో 92 కొట్టి టోర్నీ నుంచి తప్పుకున్నారు. ఓపెన్ విజేత పతనానికి స్వింగ్ ఒక్కటే కారణమని నేననను, ఆత్మవిశ్వాసం దెబ్బతినడం కూడా అందులో ఉంది. కానీ ఆ రెంటినీ విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక మనసు సంగతి. సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టైన్ 1920లలో, ఉలి మీద సుత్తితో కొట్టే చేయి తిరిగిన కార్మికుల కీళ్ళకు చిన్న దీపాలు అమర్చి వారి కదలికలను ఫొటోలు తీశారు. సుత్తి ప్రతిసారీ ఉలి మీదే పడుతోంది, భుజం, మోచేయి, మణికట్టు కదిలిన దారులు మాత్రం ఏ రెండు దెబ్బలకూ ఒకేలా లేవు. పనితనమంటే ఒకే భంగిమను మళ్ళీ మళ్ళీ అచ్చు గుద్దడం కాదు, చిన్న చిన్న తేడాలను శరీరం తనంతట తానే సర్దుకుని ఫలితాన్ని నిలపడం. ఆ సర్దుబాటు మన ఆలోచనకు అందేలోపే జరిగిపోతుంది. సయన్ బైలాక్, ఆమె తోటి పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగం మీకు మరింత సూటిగా వర్తిస్తుంది. అందులో అనుభవం ఉన్న గోల్ఫర్లను ఒకసారి తమ క్లబ్ కదలిక మీదే దృష్టి పెట్టి, మరోసారి వినిపించే శబ్దాలను గమనిస్తూ పట్ చేయమన్నారు, అంటే బంతిని హోల్ వైపు నేల మీద దొర్లించమన్నారు. కదలికను గమనించుకున్నప్పుడే వారి గురి దెబ్బతింది. టీ (ప్రతి హోల్‌కూ తొలి షాట్ కొట్టే చోటు) దగ్గర నిలబడి కోచ్ చెప్పిన నాలుగు సూచనలను వరుసగా గుర్తు చేసుకునేటప్పుడు మీరు ఎదుర్కొంటున్నదీ అదే.

అలాగని స్వింగ్‌కు ప్రాధాన్యం లేదని, చిప్పింగ్ (హోల్ దగ్గరి నుంచి బంతిని కొద్దిగా లేపి వేయడం), పట్టింగ్ సాధన చేస్తే చాలని చాలామంది చెప్పే మాటను కూడా నేను ఒప్పుకోను. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ టూర్ ఆటగాళ్ళ షాట్లను లెక్కగట్టి, వారి స్కోర్ల మధ్య తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి నుంచి కొట్టే షాట్ల వల్లే వస్తోందని చూపించారు. కాబట్టి మీ స్వింగ్ మీద సమయం వెచ్చించండి, కాకపోతే దాని రూపం మీద కాకుండా బంతిని తాకే తీరు మీద.

అందుకోసం మొదట మీ గ్లవ్‌ను విప్పి వెలుతురులో చూడండి. అరచేతి మడమ దగ్గర, అంటే చిటికెనవేలి కిందున్న మెత్త మీద, తోలు అరిగి చిరుగుపడి ఉంటే, మీరు క్లబ్‌ను వేళ్ళతో కాక అరచేతితో పట్టుకుంటున్నారని, స్వింగ్ మధ్యలో అది చేతిలో జారుతోందని అర్థం. ఈ పట్టు మీకు ఎంత హాయిగా ఉన్నా దిద్దుకోవలసిందే, ఎందుకంటే ముఖం ఎటు చూస్తుందన్నది పట్టు మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కొత్త పట్టు కొన్ని వారాల పాటు పరాయి చెయ్యిలా అనిపిస్తుంది, ఓర్చుకోండి. మోచేయి కోణం విషయంలో నేను ఈ మాట చెప్పను. పట్టు, నిలబడే దిశ, బంతిని ఉంచే చోటు అన్న మూడింటి విషయంలోనే సుఖాన్ని పక్కన పెట్టమంటాను. ఈ మూడూ బంతి దగ్గర కదలకుండా నిలబడి ఉన్నప్పుడు దిద్దుకోగలిగినవి, స్వింగ్ సహజత్వాన్ని చెడగొట్టనివి.

రెండో పరీక్ష గడ్డి మీద చేయాలి. రేంజ్‌లోని ప్లాస్టిక్ చాప మిమ్మల్ని మోసం చేస్తుంది: క్లబ్ బంతికి రెండంగుళాలు వెనక తగిలినా చాప మీద జారి బంతిని చక్కగానే లేపుతుంది, అదే దెబ్బ గడ్డి మీద పడితే మట్టిలో దిగబడి బంతి ఎక్కువ దూరం పోదు. పాత స్వింగ్‌తో, ఏడో నంబరు ఐరన్‌తో, గడ్డి మీద కొన్ని బంతులు కొట్టి, నేల మీద పడిన కోతలను చూడండి. కోత బంతి ఉన్న చోటు దాటాక మొదలవుతుంటే తాకిడి బాగున్నట్టే. అది కొద్దిగా ఎడమకు చూస్తున్నా కంగారు పడకండి, ఫేడ్ కొట్టేవారికి అలాగే ఉంటుంది. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో ఒక గీత గీసి, ఆ గీత క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొడితే, ముఖం మీద ఎక్కడ తగిలిందో ఆ రంగు మచ్చే చూపిస్తుంది. మచ్చలన్నీ ఒక రూపాయి బిళ్ళంత చోటులో పడుతుంటే మీ స్వింగ్‌లో ఎవరూ వేలు పెట్టనక్కర్లేదు.

వీడియో విషయంలో ఒక హెచ్చరిక. ఫోన్‌ను మీ చేతుల ఎత్తులో, సరిగ్గా లక్ష్య రేఖకు సమాంతరంగా వెనక నిలబెట్టకపోతే, ఒక్క అడుగు పక్కకు జరిగినా స్వింగ్ దారి అంతా మారినట్టు కనిపిస్తుంది. ఇతర ఆటగాళ్ళ వీడియోలతో పోల్చి తీర్పులు చెప్పే ముందు ఈ మాట కోచ్‌లు కూడా గుర్తుంచుకోవాలి.

మీ కోచ్‌ను వదిలేయమని నేను అనను. "నా ఫేడ్‌ను ఇంకా నికరంగా ఎలా చేయాలో నేర్పండి, దాన్ని తీసేయవద్దు" అని మర్యాదగానే చెప్పండి. మంచి శిక్షకుడైతే ఆ పనికి సంతోషంగా పూనుకుంటారు. కోర్సులో మాత్రం ఫెయిర్‌వే ఎడమ అంచు మీద ఒక గుర్తు ఎంచుకుని, బంతి అక్కడి నుంచి కుడికి తిరగడాన్ని ఊహించుకుని, కొట్టేయండి. దిద్దుబాట్లన్నీ రేంజ్‌లోనే ఉండాలి.

ప్రశ్న: నాకు అరవై మూడేళ్ళు, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వీడియోలు చూసి, నడుమును కదలనివ్వకుండా భుజాలను పూర్తిగా తిప్పే స్వింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడది బాగా అలవాటైంది, బంతి కూడా తిన్నగానే వెళ్తోంది. ఆట ముగిశాక మాత్రం నడుము కుడివైపు నొప్పి వస్తోంది, మర్నాడు కుర్చీలోంచి లేవడం కష్టంగా ఉంటోంది. బంతి బాగా వెళ్తున్నప్పుడు ఈ స్వింగ్‌నే నమ్ముకోవచ్చా? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో

సమాధానం: లేదు. పై ఉత్తరానికి నేను చెప్పిన మాట మీకు వర్తించదు. బంతి ఎంత బాగా వెళ్ళినా, ఆడిన ప్రతిసారీ నొప్పి పెట్టే స్వింగ్ ఒంటికి కుదిరింది కాదు. ముందు డాక్టరును కలవండి. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి, బలహీనత ఏదైనా ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. వారు సరేనన్నాకే క్లబ్ పట్టుకోండి.

గోల్ఫ్ ఆడేవారిలో అందరికంటే ఎక్కువగా దెబ్బతినేది నడుమే. తుంటిని బిగించి భుజాలను తిప్పడం వల్ల యువకులకు వేగం వస్తుంది, కానీ ఆ మెలిక భారమంతా వెన్ను దిగువ భాగం మీద పడుతుంది. కుడిచేతి వాటం ఆటగాళ్ళకు నొప్పి కుడివైపునే ఎక్కువగా రావడం కూడా మామూలే, ఎందుకంటే బంతిని కొట్టే సమయంలో నడుము ఆ వైపుకు వంగుతూనే వేగంగా తిరుగుతుంది.

తుంటిని తిరగనివ్వండి. క్లబ్ వెనక్కి వెళ్ళేటప్పుడు ఎడమ మడమ నేల నుంచి లేస్తే లేవనివ్వండి, కుడి పాదం వేళ్ళను కొద్దిగా బయటికి తిప్పి నిలబడండి, క్లబ్‌ను భుజం ఎత్తు దాటనివ్వకండి. మడమ లేపడం తప్పని వీడియోల్లో చెప్పి ఉంటారు. బాబీ జోన్స్ లేపేవారు, 18 మేజర్లు గెలిచిన జాక్ నిక్లాస్ కూడా లేపేవారు. నిక్లాస్ ఆ స్వింగ్‌తోనే 46 ఏళ్ళ వయసులో 1986 మాస్టర్స్ గెలిచారు. దూరం కొంత తగ్గుతుంది, ముందున్న టీ నుంచి ఆడండి. అందులో చిన్నతనం ఏమీ లేదు, టీలను వేర్వేరు చోట్ల పెట్టింది అందుకే. ఆటకు ముందు నేరుగా డ్రైవర్ క్లబ్ తీయకుండా, పొట్టి క్లబ్‌తో నెమ్మదిగా సగం స్వింగ్‌లు చేసి ఒళ్ళు వేడెక్కాక మొదలుపెట్టండి.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్ళు, విశాఖపట్నంలో గోల్ఫ్ నేర్చుకుంటోంది. క్లబ్‌ను మరీ వెనక్కి తీసుకెళ్ళి, కొట్టాక తూలుతుంది. టోర్నమెంట్లకు పంపే ముందు ప్రతి భంగిమా సరిచేయాలని ఆమె కోచ్ అంటున్నారు. అద్దం ముందు గంటల తరబడి నిలబెడుతున్నారు. పాపకు ఆట మీద ఇష్టం తగ్గుతోందేమోనని నా భయం. ఇప్పుడే దిద్దకపోతే తర్వాత కుదరదంటారు, నిజమేనా? – ఒక తల్లి, విశాఖపట్నం

సమాధానం: పట్టు, నిలబడే తీరు విషయంలో అది నిజం; ఆ రెండూ చిన్నప్పుడు పాతుకుపోతే తర్వాత మార్చడం కష్టం. మిగతా భంగిమల విషయంలో నిజం కాదు. పదకొండేళ్ళ పిల్ల వచ్చే నాలుగేళ్ళలో ఎంతో పొడుగు ఎదుగుతుంది, చేతుల పొడవూ బలమూ మారతాయి, ఇవాళ కష్టపడి అమర్చిన కోణాలేవీ అప్పటికి మిగలవు. అన్నప్రాసన నాడే ఆవకాయ పెట్టనక్కర్లేదు. టోర్నమెంట్లకు పంపండి, అక్కడ బంతిని హోల్‌లోకి చేర్చడం ఎలాగో తనే నేర్చుకుంటుంది.

ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో మైదానాన్ని చూసుకునే గ్రీన్‌కీపర్. అక్కడ ఆడేవారిని చూస్తూ తనంతట తాను ఆట నేర్చుకున్న చౌరాసియా, 2016, 2017లలో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచారు. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ డ్రైవ్‌లు (టీ నుంచి కొట్టే తొలి షాట్లు) మేటి ఆటగాళ్ళతో పోలిస్తే దూరం వెళ్ళవు, అయినా పట్టింగ్‌లోని నేర్పుతో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళారు. ఇద్దరూ తమకున్నదాన్ని నమ్ముకుని, అందులో పదును తెచ్చుకున్నవారే.

కోచ్‌తో మాట్లాడి, అద్దం ముందు సాధనను రోజుకు కొద్ది నిమిషాలకు తగ్గించి, ఒకే ఒక్క లక్ష్యం పెట్టమనండి: కొట్టాక బంతి నేలకు దిగేదాకా పాప కదలకుండా నిలబడాలి. క్లబ్‌ను వెనక్కి ఎంత తీసుకెళ్ళాలో ఆ ఒక్క షరతే ఆమె ఒంటికి నేర్పుతుంది. దానికంటే ముందు ఆమె వాడుతున్న క్లబ్‌లను చూడండి. పెద్దవాళ్ళ క్లబ్‌లను కోసి పొట్టిగా చేసినవైతే, వాటి తల బరువుగా, కర్ర బిరుసుగా ఉంటుంది. ఆ బరువే పిల్ల చేతులను వెనక్కి లాగి, కొట్టాక తూలేలా చేస్తుంది. అలాంటివైతే, స్వింగ్ గురించి ఇంకేమీ తేల్చుకోకముందే ఆమె ఎత్తుకు తగిన తేలికైన జూనియర్ క్లబ్‌లు ఇప్పించి, నెల రోజులు చూడండి.